ఎ బటన్ నొక్కితే ఆట పాజ్ అవుతోందా? పోయింది బోర్డు కాదు, ఒక్క వైరు

ముందు మీ సమస్యని నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీ మేనమామ అమెరికా నుంచి తెచ్చిన నింటెండో ఎన్‌ఈఎస్ అనే పాత వీడియో గేమ్ మెషీన్, క్యాసెట్‌ని ముందు నుంచి లోపలికి తోసి కిందికి నొక్కే మోడల్. రెండో పోర్ట్‌లో రిమోట్ పెడితే అన్ని బటన్లూ పలుకుతున్నాయి. అదే రిమోట్ తీసి మొదటి పోర్ట్‌లో పెడితే మారియో మొదటి తెర దగ్గరే నిలిచిపోతుంది, స్టార్ట్ ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు. ఇంకో క్యాసెట్‌లో మాత్రం ఎ నొక్కితే ఆట మొదలవుతోంది, మళ్ళీ ఎ నొక్కితే పాజ్ అవుతోంది, మిగతా ఏడు బటన్లూ చచ్చినట్టున్నాయి. స్పిరిట్‌తో తుడిచారు, మారలేదు. షాపులో చూపిస్తే మదర్‌బోర్డు పోయింది, ఇప్పుడు దొరకదు అన్నారు.

బోర్డు పోలేదు. పోయి ఉంటే ఎ కూడా పనిచేసేది కాదు. మీరు రాసిన ఆ రెండు ముక్కల్లోనే, అంటే ఎ నొక్కితే పాజ్ అవడం, మారియో అసలు కదలకపోవడంలోనే, ఎక్కడ వెతకాలో ఉంది. నా అనుమానం మొదటి పోర్ట్‌కి వెళ్ళే క్లాక్ వైరు మీద. అది కాకపోతే దాని పక్కనున్న లాచ్ వైరు. ఎందుకో చెప్తాను, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి బుర్రకెక్కితే తర్వాత ఏ పోర్ట్ చెడిపోయినా ఇనుము వేడి చేయకముందే సగం రిపేరు అయిపోతుంది. (కంట్రోలర్‌ని మా ఊళ్ళో రిమోట్ అనేవాళ్ళం, కార్ట్రిడ్జ్‌ని క్యాసెట్ అనేవాళ్ళం. ఇక్కడా అలాగే రాస్తాను, అలవాటు.)

1983 జులైలో జపాన్‌లో వచ్చిన ఫ్యామికామ్‌కి అసలు బయట ఈ పోర్ట్‌లే లేవు. నింటెండో ఇంజినీరు మసయుకి ఉఎమురా బృందం చేసిన ఆ మెషీన్‌కి రెండు రిమోట్‌ల వైర్లూ లోపలి నుంచే వచ్చేవి, పీకడానికి వీల్లేదు. 1985లో అమెరికాకి ఎన్‌ఈఎస్‌గా వెళ్ళినప్పుడు రిమోట్‌ని ఊడదీసేలా మార్చారు, అప్పుడు వచ్చాయి ఈ ఏడు పిన్నుల పోర్ట్‌లు. సౌకర్యమే, కాని లాగుడూ పీకుడూ అంతా వాటి మీదే పడింది.

రిమోట్ మీద ఎనిమిది బటన్లున్నాయి. వైరు విప్పి చూస్తే లోపల తీగలు ఐదే. అందులో రెండు కరెంటుకే పోతాయి: 5 వోల్టులు ఒకటి, గ్రౌండ్ ఒకటి. మిగిలిన మూడు తీగల్లో ఎనిమిది బటన్ల కబురు ఎలా వెళ్తుంది? రిమోట్‌లో 4021 అనే చిన్న ఐసీ ఒకటి ఉంటుంది. దాని పనిని బడిలో హాజరుతో పోల్చుకోండి. మాస్టారు మొదట గంట కొడతారు, పిల్లలంతా ఉన్నవాళ్ళు ఉన్నట్టు వరసలో నిలబడతారు. ఆ గంట లాచ్. వరసలో ముందున్నవాడు ఎ. వాడు ఉన్నాడో లేడో మాస్టారు రాసుకుని, 'తర్వాత' అంటారు. ఆ 'తర్వాత' అనే మాట క్లాక్. అప్పుడు బి ముందుకొస్తాడు, ఆ వెనక సెలెక్ట్, స్టార్ట్, పైకి, కిందికి, ఎడమ, కుడి. వాళ్ళు పలికేది డేటా వైరు మీద. ఈ హాజరు మొత్తం సెకనుకి దాదాపు 60 సార్లు జరుగుతుంది.

ఇప్పుడు 'తర్వాత' అనే మాట పిల్లలకి వినబడలేదనుకోండి. ఎ ముందే నిలబడి ఉంటాడు. మాస్టారు మాత్రం ఒక్కొక్కరు మారుతున్నారనుకుని ఎనిమిదిసార్లు అడుగుతారు, ఎనిమిదిసార్లూ ఎ గాడే జవాబు చెప్తాడు. మీరు ఎ నొక్కితే ఎనిమిది బటన్లూ ఒకేసారి నొక్కినట్టు కన్సోల్ రాసుకుంటుంది, అందులో స్టార్ట్ కూడా ఉంది కాబట్టి పాజ్. ఎ వదిలేసి మిగతా ఏ బటన్ నొక్కినా వాళ్ళ వంతు రాదు కాబట్టి కన్సోల్‌కి ఏమీ తెలియదు. మీ రెండో క్యాసెట్ కథ అదే.

మరి మారియో ఎందుకు కదలలేదు? ఆ ఆట మొదలవడానికి మొదటి తెర మీద స్టార్ట్ ఒక్కటే వచ్చిందా, లేదంటే ఎ, స్టార్ట్ రెండే కలిసి వచ్చాయా అని మాత్రమే చూస్తుంది. ఎ పట్టుకుని స్టార్ట్ నొక్కితే మారియో ఏ లోకంలో (వరల్డ్‌లో) చచ్చాడో అక్కడి నుంచే మళ్ళీ మొదలవుతుందనే చిట్కా ఇక్కడిదే. ఎనిమిదీ కలిసి వస్తే ఆ లెక్కలో పడదు, పట్టించుకోదు. చాలామంది మారియో ఒక్కదానితోనే పరీక్ష చేసి 'పోర్ట్ పూర్తిగా పోయింది' అని తేల్చేస్తారు. మీరు రెండో క్యాసెట్ పెట్టి చూడటం మంచిదైంది, లేకపోతే నేనూ ఇంత ధీమాగా చెప్పేవాణ్ణి కాదు.

షాపాయన మాట ఎందుకు తప్పో కూడా దీన్నుంచే తెలుస్తుంది. కన్సోల్ లోపల ప్రాసెసర్ రికో అనే కంపెనీ తయారుచేసిన 2ఎ03. మొదటి రిమోట్‌ని చదవడానికి ఒకటి, రెండోదాన్ని చదవడానికి ఒకటి, ఇలా దానికి వేరువేరుగా రెండు కాళ్ళు ఉన్నాయి. ఆ కాలి నుంచి వచ్చే సిగ్నల్ రెండు పనులు చేస్తుంది. పోర్ట్‌కి క్లాక్‌గా వెళ్తుంది, అదే సమయంలో బోర్డు మీదున్న 368 అనే బఫర్ ఐసీకి తలుపు తెరువు అని చెప్తుంది. ఆ తలుపు తెరుచుకుంటేనే రిమోట్ డేటా ప్రాసెసర్ దాకా చేరుతుంది. మీకు ఎ అందుతోంది. అంటే తలుపు తెరుచుకుంటోంది, అంటే ప్రాసెసర్ ఆ సిగ్నల్ పంపుతోంది, అంటే 368 కూడా బతికే ఉంది. తెగింది ఆ సిగ్నల్ బోర్డు నుంచి పోర్ట్ పిన్ను దాకా వచ్చే దారిలో. లాచ్ విషయానికొస్తే అది రెండు పోర్ట్‌లకీ ఒకటే. రెండో పోర్ట్ బాగుంది కాబట్టి బోర్డు మీద లాచ్‌కి ఢోకా లేదు, తెగితే మొదటి పోర్ట్ వైపు కొమ్మలోనే తెగాలి. 5 వోల్టులూ గ్రౌండ్ కూడా అంతే.

లాచ్ మీద అనుమానం పూర్తిగా ఎందుకు వదలడం లేదంటే, తెగిన వైరు చివర గాల్లో వేలాడుతూ యాంటెనాలా ఉంటుంది. అది పైకి తేలిందో, కిందికి తేలిందో మన చేతిలో ఉండదు. లాచ్ పైకి తేలి అలాగే ఉండిపోతే గంట ఆగకుండా మోగుతున్నట్టే, వరస ముందుకి కదలదు, అప్పుడు కూడా ఎ ఒక్కడే ఎనిమిదిసార్లు పలుకుతాడు. లాచ్ కిందికి తేలితే ఇంకో తమాషా. ఒరిజినల్ రిమోట్‌లో 4021 తోక, అంటే వరస ముందుకి కదిలినప్పుడు వెనక ఖాళీని నింపే కాలు, గ్రౌండ్‌కి కట్టి ఉంటుంది, ఎన్‌ఈఎస్‌కి ఆ సున్నా అంటే 'నొక్కారు' అని అర్థం. కొత్త హాజరు పడదు, తోక నుంచి సున్నాలు వస్తూనే ఉంటాయి. మీరు చెయ్యి పెట్టకుండానే ఎనిమిది బటన్లూ ఎప్పుడూ నొక్కినట్టు చూపిస్తుంది. డేటా వైరు తెగితే మాత్రం ఏదీ నొక్కనట్టు ప్రశాంతంగా ఉంటుంది, ఎందుకంటే కన్సోల్ లోపలి రెసిస్టర్లు ఆ లైన్‌ని పైకి పట్టి ఉంచుతాయి. 5 వోల్టులు రాకపోతే మామూలుగా ఏమీ పలకదు, కాని ఒక్కోసారి క్లాక్, లాచ్ వైర్ల నుంచి దొంగతనంగా కాస్త కరెంటు తాగి 4021 సగం బతికి, పిచ్చి పిచ్చిగా ఒక బటన్‌కి ఇంకోటి చూపిస్తుంది. నన్ను ఎక్కువ ఏడిపించింది ఈ ఆఖరిదే.

ఇక పని. మీకు కావలసింది బీప్ మోడ్ (దారి తెగకుండా ఉంటే మోగేది) ఉన్న మల్టీమీటర్, స్టార్ స్క్రూడ్రైవర్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, రోజిన్ ఉన్న 60/40 లెడ్, కాస్త ఫ్లక్స్, సన్న హీట్ ష్రింక్ స్లీవ్. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క చక్కర్ కొడితే అన్నీ దొరుకుతాయి. లోపల 230 వోల్టుల భయం లేదు, ట్రాన్స్‌ఫార్మర్ బయట అడాప్టర్‌లోనే ఉంటుంది. అన్నట్టు మీ మామయ్య తెచ్చిన ఒరిజినల్ అడాప్టర్ 120 వోల్టులది, దాన్ని మన గోడ సాకెట్‌లో నేరుగా గుచ్చలేదని ఆశిస్తాను. గుచ్చి ఉంటే ఈపాటికి ప్రశ్న వేరేలా ఉండేది. దాని బదులు 9 వోల్టుల డీసీ అడాప్టర్, 1.3 ఆంపియర్లకి తగ్గనిది, పిన్ను సరిపోయేది వాడుకోవచ్చు. లోపల బ్రిడ్జ్ రెక్టిఫయర్ ఉంది కాబట్టి ప్లస్ మైనస్ ఎటున్నా ఫర్లేదు.

విప్పకముందే టార్చ్ వేసి మొదటి పోర్ట్‌లోకి చూడండి. కన్సోల్ వైపు పిన్నులు, రిమోట్ ప్లగ్ వైపు రంధ్రాలు. ఒక వరసలో నాలుగు పిన్నులు, పక్క వరసలో మూడు. పోర్ట్‌కి ఒక మూల కోసినట్టు ఏటవాలుగా ఉంటుంది. నాలుగు పిన్నుల వరసలో ఆ మూల దగ్గరున్నది గ్రౌండ్. అక్కడి నుంచి వరసగా రెండోది క్లాక్, మూడోది లాచ్, నాలుగోది డేటా. మూడు పిన్నుల వరసలో అదే మూల వైపున్నది 5 వోల్టులు. మిగతా రెండూ లైట్ గన్‌కి, అంటే టీవీ మీదికి గురిపెట్టే తుపాకీకి, పనికొచ్చేవి, మామూలు రిమోట్‌కి వాటితో పనిలేదు. ఇప్పుడు ఆ రెండో పిన్నుని దాని పక్కవాటితో పోల్చి చూడండి. మిగతావాటికన్నా పొట్టిగా, లోపలికి దిగబడినట్టు ఉందా? పక్కకి వాలిందా? నల్లబడిందా? ఏడు తలలూ ఒకే మట్టంలో ఉండాలి. కంటిని పోర్ట్ అంచుకి సమానంగా దించి చూస్తే అర మిల్లీమీటరు తేడా కూడా తెలుస్తుంది, పై నుంచి చూస్తే తెలియదు.

విప్పడం తేలిక. అడుగున ఆరు స్క్రూలు, పై కప్పు లేస్తుంది. లోపల రేకు మూతకి ఏడు. దాని కింద క్యాసెట్ ట్రే స్క్రూలు, అవన్నీ ఒకే పొడవు కాదు. ఒక అట్టముక్క మీద బొమ్మ గీసి ఎక్కడిది అక్కడ గుచ్చి పెట్టుకోండి, పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే ప్లాస్టిక్ పగులుతుంది. బోర్డు మెల్లగా ఎత్తితే ముందు వైపు పోర్ట్‌ల నుంచి వచ్చే వైర్ల కట్టలు బోర్డు మీద ప్లగ్‌లలో దిగి కనిపిస్తాయి. ప్లగ్ పట్టుకుని పీకండి, వైర్లు పట్టుకుని కాదు. పీకే ముందు ఫోన్‌లో రెండు ఫోటోలు తీయండి.

మీటర్ బీప్‌లో పెట్టి ఒక మొన పోర్ట్ రెండో పిన్ను మీద, ఇంకోటి ఆ వైరు అవతలి కొన మీద. అవతల ఏ వైరో రంగు చూసి ఊహించకండి. ఒరిజినల్ రిమోట్ తాడులో గోధుమ రంగు గ్రౌండ్, ఎరుపు క్లాక్, నారింజ లాచ్, పసుపు డేటా, తెలుపు 5 వోల్టులు. కొత్తగా అమ్మే నకలు రిమోట్‌లలో రంగులు ఎవరి ఇష్టం వాళ్ళవి. ఎరుపంటే ప్లస్ అనుకుని క్లాక్ లైన్‌కి 5 వోల్టులు అంటించినవాళ్ళని చూశాను. అన్ని కొనలూ ఒక్కొక్కటే తాకుతూ పోండి, మీ బాగున్న రెండో పోర్ట్ పక్కనే ఉంది, దాన్ని చూసి పోల్చుకోండి. అది మీకు దొరికిన సర్క్యూట్ బొమ్మ అనుకోండి.

బీప్ వచ్చిందని వెంటనే వదిలేయొద్దు. మొనలు అలాగే ఉంచి, ఇంకొకరిని వైర్ల కట్టని పోర్ట్ మెడ దగ్గర అటూ ఇటూ వంచమనండి. బీప్ తెగి తెగి వస్తే దొంగ దొరికినట్టే. ఈ మెడ దగ్గరే ఎక్కువగా తెగుతుంది, పైన తొడుగు చెక్కుచెదరకుండా లోపలి రాగి పోగులు మాత్రమే తెగుతాయి. దాన్ని చేత్తో కనిపెట్టే పద్ధతి ఒకటుంది. అనుమానం ఉన్న వైరుని మిగతావాటి నుంచి విడదీసి, రెండు గోళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. బాగున్న వైరు తాడులా బిగిసి ఆగిపోతుంది. లోపల తెగిన వైరు అక్కడ మాత్రం రబ్బరులా సాగి, సన్నబడి, తొడుగు రంగు కాస్త తెల్లబారుతుంది. ఒక్కసారి అనుభవమైతే వేళ్ళే చెప్తాయి, మీటర్ తర్వాత రుజువు కోసమే. తెగిన చోటికి అటు ఒక సెంటీమీటరు, ఇటు ఒక సెంటీమీటరు కోసి పారేయండి. రాగి నల్లబడి ఉంటే మెరిసేదాకా ఇంకొంచెం వెనక్కి కోయండి, నల్ల రాగికి లెడ్ అంటుకోదు. అంతే మందం ఉన్న కొత్త ముక్క చేర్చి, స్లీవ్ ముందే ఎక్కించి, అతికించి, స్లీవ్ కాల్చండి. స్లీవ్ ఎక్కించడం మర్చిపోయి అతికించిన తర్వాత నాలుక్కరుచుకోవడం నాకు ఇప్పటికీ జరుగుతుంది. అతుకు మెడ దగ్గర కాకుండా కాస్త దూరంగా వచ్చేలా చూడండి, మెడ దగ్గర గట్టిపడితే మళ్ళీ అక్కడే విరుగుతుంది.

వైరు బాగుండి పిన్ను లోపలికి దిగబడి ఉంటే, వెనక నుంచి నొక్కి మిగతా ఆరింటి మట్టానికి తెచ్చి, పోర్ట్ వెనక వైపు మాత్రం ఆరల్డైట్ చుక్క పెట్టి రాత్రంతా వదిలేయండి. ముందు వైపుకి కారకుండా చూసుకుని ఆరబెట్టండి. పిన్ను వంగి ఉంటే నోస్ ప్లయర్‌తో ఒకే ఒక్కసారి నిటారు చేయాలి, రెండుమూడుసార్లు అటూ ఇటూ వంచితే చేతికొస్తుంది. నల్లబడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఇయర్ బడ్. గరుకు కాగితం పెడితే పిన్ను పూత లేచిపోయి ఆర్నెల్లలో ఇంకా నల్లబడుతుంది. గోళ్ళరంగు తుడిచే నీళ్ళు ఆ దరిదాపులకి రానివ్వకండి, అసిటోన్ ఉంటే ప్లాస్టిక్ కరిగి పోర్ట్ జిగురు ముద్దవుతుంది.

మూడో చోటు బోర్డు మీద ప్లగ్ దిగే సాకెట్ కాళ్ళు. బోర్డు తిప్పి భూతద్దంలో చూస్తే లెడ్ బొడిపె చుట్టూ ఉంగరంలా సన్న గీత కనిపిస్తే అతుకు వదిలిందని అర్థం. ఫ్లక్స్ పెట్టి, పాత లెడ్ కరిగించి కొద్దిగా కొత్తది ఇస్తే చాలు. ఒక కాలికి మూడు సెకన్లు మించకూడదు. కరగకపోతే తీసేసి, చల్లారనిచ్చి మళ్ళీ.

పోర్ట్ ప్లాస్టిక్కే పగిలిపోతే కొత్త పోర్ట్ కోసం ఇంకో కన్సోల్ చంపక్కర్లేదు. ఎన్‌ఈఎస్ రిమోట్‌కి పొడిగింపు తాడు అమ్ముతారు, దాని ఒక కొస కన్సోల్ పోర్ట్‌లాగే ఉంటుంది. దాన్ని కోసి వైర్లు అతికించుకోవచ్చు. కాకపోతే చవక తాళ్ళలో ఐదు వైర్లే ఉంటాయి, లైట్ గన్ వైర్లు రెండూ ఉండవు. మొదటి పోర్ట్‌కి పెద్ద నష్టం లేదు, బాతుల ఆటకి గన్ పెట్టేది మామూలుగా రెండో పోర్ట్‌లోనే. ఎలాగూ ఆ గన్ పాత డబ్బా టీవీతో తప్ప ఇప్పటి ఎల్‌ఈడీ టీవీతో పనిచేయదు.

ఇంత వివరంగా వైరు వైరు అని ఎందుకు పట్టుకున్నానంటే, నేను చేతులు కాల్చుకున్నాను కాబట్టి. మొదట్లో ఒక స్నేహితుడి ఎన్‌ఈఎస్ నా దగ్గరికి వచ్చింది, పోర్ట్ పలకడం లేదు. నెట్‌లో ఎవరో 368 మార్చమంటే, మీటర్ సరిగ్గా పెట్టకుండానే ఐసీ పీకేశాను. పదహారు కాళ్ళ ఐసీ, పాత బోర్డు, నా ఐరన్ 60 వాట్లది. రెండు చోట్ల రాగి ట్రాక్ పొరలా లేచి వచ్చేసింది. కొత్త ఐసీ వేశాక కూడా పోర్ట్ పలకలేదు. చివరికి చూస్తే డేటా వైరు ప్లగ్‌లో నుంచి ఊడి పక్కవాటి మధ్య నిలబడి ఉంది, నొక్కగానే టిక్కుమని కూర్చుంది. ఆ బోర్డు మీద నేను వేసిన రెండు జంపర్ వైర్లు ఇప్పటికీ ఉన్నాయి, ఆ స్నేహితుడు ఇంటికొచ్చినప్పుడల్లా గుర్తుచేస్తాడు.

368 నిజంగా పోవడం అంటూ ఉంటుంది. అయిదు వైర్లూ బీప్ ఇస్తున్నాయి, పిన్ను దగ్గర 5 వోల్టులు ఉన్నాయి, రిమోట్ ఇంకో చోట పనిచేస్తోంది, అయినా ఎ కూడా పలకడం లేదు అన్నప్పుడు దాన్ని అనుమానించండి. కన్సోల్ ఆన్‌లో ఉండగా రిమోట్ పీకి పెట్టే అలవాటున్న ఇళ్ళలో ఇది ఎక్కువ. మార్చాల్సి వస్తే పీకడానికి ప్రయత్నించకుండా కాళ్ళన్నీ కట్టర్‌తో కోసేసి, ఒక్కో కాలు విడిగా తీసి, సాకెట్ వేసి అందులో 74హెచ్‌సీ368 గుచ్చండి. ఐసీ పోతే పోయింది, ట్రాక్ మిగలాలి.

రెండు పోర్ట్‌లలోనూ ఒకే రకంగా తప్పు పలికితే అది రిమోట్ గొడవ. రిమోట్ వెనక ఆరు స్క్రూలు తీస్తే 4021 కనిపిస్తుంది. ప్లగ్ క్లాక్ రంధ్రం నుంచి ఐసీ 10వ కాలికి, లాచ్ నుంచి 9వ కాలికి, డేటా నుంచి 3వ కాలికి, 5 వోల్టులు 16కి, గ్రౌండ్ 8కి బీప్ రావాలి. తాడు రిమోట్‌లోకి దూరే చోట, ప్లగ్ మెడ దగ్గర, ఈ రెండు చోట్లే తొంభై శాతం తెగుతాయి. ఇది నా టేబుల్ మీది లెక్క, ఎవరి సర్వేనో కాదు.

మీ ప్రశ్న కిందే ఇంకొకాయన చిన్నప్పటి లోకల్ వీడియో గేమ్ గురించి అడిగారు, తొమ్మిది పిన్నుల పోర్ట్ ఉన్నది. 1990ల్లో మన ఊళ్ళల్లో మారియో, కాంట్రా ఆడింది దాదాపు అందరూ వాటి మీదే. అవి ఫ్యామికామ్ నకళ్ళు, కాబట్టి పైన చెప్పిన హాజరు కథంతా వాటికీ వర్తిస్తుంది, ఐదు వైర్లే. కాకపోతే ఏ సిగ్నల్ ఏ పిన్నులో అన్నది తయారుచేసినవాడి దయ. చాలావాటిలో 2 డేటా, 3 లాచ్, 4 క్లాక్, 6కి 5 వోల్టులు, 8 గ్రౌండ్. మీదీ అదేనని నమ్మేయకుండా 7805 అనే, 5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్ మూడో కాలి నుంచి 5 వోల్టుల పిన్ను, మధ్య కాలి నుంచి గ్రౌండ్ పిన్ను వెతికి ఖాయం చేసుకోండి. వీటిలో వైర్లు తెగడం కన్నా పోర్ట్ కాళ్ళ దగ్గర అతుకులు వదలడమే ఎక్కువ, పోర్ట్ నేరుగా బోర్డు మీదే ఉంటుంది, పిల్లలు రిమోట్ లాగినప్పుడల్లా ఆ లాగుడు లెడ్ మీదే పడుతుంది. గోధుమ రంగు బోర్డు పలుచన, రాగి తొందరగా లేస్తుంది, వేడి విషయంలో రెట్టింపు జాగ్రత్త. ప్రాసెసర్ నల్లటి తారు బొట్టు కింద ఉంటుంది, దాని లోపల పోతే మాత్రం చేసేదేమీ లేదు.

ఆయనకే ఇంకో మాట. సెగా మెగా డ్రైవ్ రిమోట్, అటారీ జాయ్‌స్టిక్ కూడా అదే తొమ్మిది రంధ్రాల ప్లగ్‌తో వస్తాయి, చక్కగా దూరతాయి కూడా. దూరిందని స్విచ్ వేయకండి. మెగా డ్రైవ్ రిమోట్‌కి కరెంటు 5వ పిన్నులో కావాలి, దాని 6వ పిన్ను బటన్ల సిగ్నల్ బయటికి పంపేది. నకలు కన్సోల్‌లో అదే 6లో 5 వోల్టులు కూర్చుని ఉంటాయి. రిమోట్‌లోని ఐసీ ఆ పోరులో ఓడిపోతుంది.

మళ్ళీ మీ దగ్గరికి. విప్పకముందే ఒక చిన్న పరీక్ష చేసి రాయండి. మొదటి పోర్ట్‌లో రిమోట్ పెట్టి, రెండో క్యాసెట్ ఆడుతూ ప్లగ్‌ని పోర్ట్‌లో ఉంచే పైకీ కిందికీ కాస్త నొక్కండి. ఏదో ఒక వైపు నొక్కినప్పుడు మిగతా బటన్లు ఒక్క క్షణం పలికినా పిన్ను దగ్గరే తేడా, వైరు దాకా వెళ్ళక్కర్లేదు. ఎటు నొక్కినా మార్పు లేకపోతే విప్పి, రెండో పిన్నుకీ మూడో పిన్నుకీ బీప్ చూసి, ఏది రాలేదో చెప్పండి. పోర్ట్ లోపలి ఫోటో పెడితే, టార్చ్ పక్క నుంచి కొట్టి తీయండి, ఎదురుగా కొడితే పిన్నులన్నీ మెరిసి ఏదీ తెలియదు.